ఆరేళ్ళ పిల్లకి డిస్నీలో స్ట్రోలరా? మా ఇంట్లో రెండు వారాలుగా ఇదే రగడ

మాగుంట_అమ్మ (నెల్లూరు) · ఏప్రిల్ 9, రాత్రి 10:12

అందరికీ నమస్తే. మే నెలాఖర్లో టాంపాలో ఉండే మా ఆడపడుచు వాళ్ళింటికి పోతున్నాం. నేను, మా ఆయన, అత్తయ్య, పాప. అక్కడి నుంచి ఓర్లాండో డిస్నీ వరల్డ్ మూడు రోజులు. పాపకి ఆరేళ్ళ మూడు నెలలు, 19 కిలోలు. ఒకటో తరగతి అయిపోయింది.

మా వదిన ఫోన్ చేసి "స్ట్రోలర్ లేకుండా రావద్దు, మీరు తట్టుకోలేరు" అనింది. స్పీకర్లో ఉంది ఫోను. అత్తయ్య విన్నారు. "ఆరేళ్ళ ఆడపిల్లని బండిలో తోసుకుంటా తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు, కాళ్ళు లేని పిల్లనుకోరా" అని అప్పట్నుంచి ఒకటే నస. మా ఆయన ఎటూ చెప్పడు. "చూద్దాంలే" అంటాడు. ఆ చూద్దాంలే కథ మీకు తెలుసు.

పాప నడవని పిల్లేం కాదు. పెంచలకోనలో జలపాతం దాకా గెంతుకుంటా వచ్చింది. కానీ పోయినేడు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడికి పోతే గంట తిరక్కముందే "అమ్మా కాళ్ళు పీకతన్నాయి, ఎత్తుకో" మొదలుపెట్టింది. ఆ జనంలో దాన్ని చంకనేసుకుని వచ్చేసరికి నా నడుం నాది కాదు.

ఆరేళ్ళ పిలకాయల్తో అట్టాంటి పార్కులకి పోయినోళ్ళు చెప్పండి. తీసుకోవచ్చా? నిజంగానే బాగుండదా?

కావలి_కుర్రోడు · ఏప్రిల్ 9, రాత్రి 10:31

ఆరేళ్ళకి స్ట్రోలరా! ఆ వయసులో మేం తుమ్మలపెంట సముద్రానికి నడిచి పోయేవాళ్ళం అక్కా, చెప్పులు కూడా ఉండేవి కాదు. మీ అత్తయ్య కరెక్ట్.

పొదలకూరు_నిమ్మకాయ · ఏప్రిల్ 9, రాత్రి 10:40

కావలి నుంచి తుమ్మలపెంటకి నువ్వు సైకిల్ వెనక కూర్చుని పొయ్యుంటావులే తమ్ముడూ. మీ నాన్ననడిగి పోస్ట్ పెట్టు.

కోవూరు_టు_ఓర్లాండో · ఏప్రిల్ 10, ఉదయం 6:05

మాగుంట అక్కా, మాది కోవూరు. ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. ఊర్నించి ఎవరొచ్చినా డిస్నీకి డ్రైవరూ గైడూ నేనే, కాబట్టి ఈ విషయంలో నాకు బాగా అరిగిన చెప్పులున్నాయి. కొంచెం పొడుగు రాస్తా, ఓపిక పట్టండి.

ముందు మనోళ్ళందరూ చేసే పొరపాటు ఒకటి. డిస్నీ అంటే ఒక పార్కు అనుకుంటారు. కాదు, నాలుగు. మేజిక్ కింగ్‌డమ్ 1971లో తెరిచారు, ఎప్‌కాట్ 1982, హాలీవుడ్ స్టూడియోస్ 1989, యానిమల్ కింగ్‌డమ్ 1998. ఒక్కోదానికి ఒక్కో రోజు. ఎప్‌కాట్‌లో దేశదేశాల మంటపాలున్న కొలను ఉంది, దాని చుట్టూ ఒక్క చుట్టు తిరిగితేనే దాదాపు 2 కిలోమీటర్లు. అది కూడా ఎక్కడా ఆగకుండా, సగం పార్కు మాత్రమే. మేజిక్ కింగ్‌డమ్‌కైతే కారు పెట్టిన చోటు నుంచి గేటు దాకా రావడమే ఒక ప్రయాణం. పార్కింగ్ నుంచి టికెట్ల దగ్గరికి, అక్కడ్నించి మోనోరైలో పడవో ఎక్కితే అప్పుడు గేటు. పిల్ల అలసట లెక్క గేటు దగ్గర మొదలు కాదు, కారు దిగిన చోట మొదలవుద్ది. పోయినసారి మా బావమరిది వాళ్ళొచ్చినప్పుడు సాయంత్రానికి నా ఫోన్లో 23 వేల అడుగులు. నాకు. ఆరేళ్ళ పిల్ల కాళ్ళు నా కాళ్ళలో సగం. నేను ఒక అడుగేస్తే తను దాదాపు రెండు వెయ్యాలి.

స్ట్రోలర్‌కి అక్కడ వయసు పరిమితి లేదు. అద్దె బండ్లలో ఒకరు కూర్చునేదానికి 50 పౌండ్ల దాకా అంటారు, మన లెక్కలో 22 కిలోల పైచిలుకు. మీ పాప సరిపోద్ది. కానీ అద్దెది తీసుకోమని నేను చెప్పను. గట్టి ప్లాస్టిక్, పడుకోడానికి వెనక్కి వాలదు. అంతకన్నా పెద్ద తలనొప్పి, దాన్ని పార్కు గేటు దాటించనివ్వరు. రాత్రి బాణసంచా అయ్యాక పిల్ల గాఢనిద్రలో ఉంటుంది. సరిగ్గా అప్పుడు బండి గేటు దగ్గర వదిలేసి, పిల్లని భుజానేసుకుని, లైన్లో నిలబడి, పడవెక్కి, కారు దాకా పోవాలి. బండి అవసరం ఉండేదే ఆ గంట. ఆ గంటకి అది ఉండదు.

సొంతది తెచ్చుకుంటే వెడల్పు 79 సెంటీమీటర్లు, పొడవు 132 దాటకూడదు. 2019 మే నుంచి ఈ రూలు. లాక్కుపోయే వ్యాగన్లు అసలు రానివ్వరు. డిస్నీ బస్సెక్కేటప్పుడు మడవాలి, కాబట్టి ఒక చేత్తో మడిచేది చూసుకోండి. పిల్లని దించి, సంచులు తీసి, అత్తయ్య గారిని పట్టుకుని, వెనక క్యూ వాళ్ళు చూస్తా ఉండగా మడవాలి మరి.

రైడ్ దగ్గర బండి బయటే పెట్టాలి, దానికి వేరే స్థలం ఉంటుంది. మీరు తిరిగొచ్చేసరికి పెట్టిన చోట ఉండదు, కంగారు పడొద్దు. అక్కడి పనివాళ్ళు వరసలు సర్దుతా పక్కకి జరుపుతారు. అన్నీ ఒకే రంగు, ఒకే ఆకారం. మా ఇంటావిడ పాత వోణీ ముక్క కట్టేది హ్యాండిల్‌కి. ఆ చిలకపచ్చ జరీ ఫ్లోరిడా మొత్తంలో మాదొక్కటే.

ఒంగోలు_పీఈటీ · ఏప్రిల్ 10, ఉదయం 8:20

నేను హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఓర్లాండో సోదరుడు చెప్పిన కొలతలన్నీ సరే. కానీ అసలు సంగతి ఎవరూ మాట్లాడ్డం లేదు.

ఇప్పటి పిల్లలు నడవడం లేదు. ఇంటి గుమ్మం నుంచి ఆటో, ఆటో నుంచి స్కూలు గేటు, సాయంత్రం ట్యూషన్‌కి నాన్న స్కూటీ. ఆరో తరగతిలో చేరే పిల్లలు గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టి పొట్ట పట్టుకుని కూలబడటం రోజూ చూస్తున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏం చెప్పిందో తెలుసా? మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలి. స్ట్రోలర్లలో, కుర్చీల్లో కట్టేసి ఒకేసారి గంటకి మించి ఉంచకూడదు. మూడేళ్ళ పిల్లలకే అలా చెప్తే, ఆరేళ్ళకి బండి కొనిపెడతారా?

మీకింకా నెలన్నర టైముంది. రోజూ తెల్లారి పాపని తీసుకుని నడవండి. మొదటి వారం రెండు కిలోమీటర్లు, తర్వాత మూడు, నాలుగు. ఎండ ముదరకముందే ఇంటికి రండి. అదే మీ స్ట్రోలర్.

మాగుంట_అమ్మ · ఏప్రిల్ 10, ఉదయం 9:02

సార్, నడక సలహా బాగుంది, రేపట్నుంచే మొదలుపెడతాం. కానీ నెల్లూర్లో యాడ నడవమంటారు? మా వీధి చివర ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన టిఫిన్ బండి, దాని పక్కన బండ్ల పార్కింగు.

మొలగొలుకులు (నెల్లూరు) · ఏప్రిల్ 10, ఉదయం 9:30

అసలు విషయం ఇక్కడుంది. మనకి స్ట్రోలర్ అంటే వింతగా ఉండేది అందుకే. మా అబ్బాయి పుట్టినప్పుడు మా తమ్ముడు బెంగళూరు నుంచి తెచ్చాడొకటి. ట్రంకు రోడ్డు మీద ఒక్కసారి తోశా. ఒక చక్రం గుంతలో, ఒక చక్రం రాయి మీద, వెనక ఆటోవాడి హారను. మళ్ళీ తియ్యలేదు. రెండేళ్ళు దాంట్లో ఉతికిన బట్టలు పెట్టుకున్నాం. తోసే దారి లేని ఊళ్ళో తోపుడు బండి డాబుసరి వస్తువే అవుద్ది. సాపు రోడ్లున్న చోట అది చెప్పుల్లాంటి వస్తువు. చెప్పులేసుకున్నోడిని కాళ్ళు లేవా అని అడగం గదా.

ఇంకోటి. మన పిలకాయలు ఆరేళ్ళకి, ఏడేళ్ళకి నడుస్తున్నారని ఎవరన్నారు? తిరణాల్లో చూడండి. ప్రతి నాన్న మెడ మీద ఒకడుంటాడు. ఉప్పుమూట ఒకడు. చంకన ఇంకొకడు. మనకీ స్ట్రోలర్లున్నాయి. వాటికి చక్రాల్లేవు, మీసాలున్నాయి.

కావలి_కుర్రోడు · ఏప్రిల్ 10, ఉదయం 9:41

మీసాల స్ట్రోలర్ 😂 సరే ఒప్పుకుంటున్నా, మా నాన్ననడిగా. తుమ్మలపెంటకి సైకిలేనంట.

చీమకుర్తి_తాత · ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:15

అమ్మాయ్, నేనొక మీసాల స్ట్రోలర్నే. మా మనవణ్ణి ఆరేళ్ళప్పుడు కార్తీక పౌర్ణమికి కొత్తపట్నం సముద్రం కాడ భుజానెక్కించుకున్నా. ఇసకలో కాలు జారింది. పిల్లాడికేం కాలా. నాకు డిస్కు జారింది. నాలుగు నెలలు మంచం. ఇరవై కిలోల బియ్యం మూట ఎత్తమంటే వయసైపోయిందంటాం, అదే బరువు మనవడైతే ఎత్తుతాం. బండి తీసుకోండి.

గూడూరు_చిన్ని · ఏప్రిల్ 10, మధ్యాహ్నం 3:48

నాది వేరే గోల. ఈ పెద్ద పిల్లల స్ట్రోలర్ల వల్ల మిగతావాళ్ళకి ఇబ్బంది. సింగపూర్ యూనివర్సల్‌కి పోయినప్పుడు నా మడమల మీద మూడు సార్లు ఎక్కించారు. ఒకదాంట్లో ఎనిమిదేళ్ళ వాడు కాళ్ళు బయటికి చాపుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. వాళ్ళమ్మ చూపేమో షాపుల మీద. అలసిపోయిన పిల్లకి బండి వేరు, సోమరితనానికి బండి వేరు.

పైగా రోలర్ కోస్టర్‌కి పెద్దోళ్ళు, నడకకి చిన్నపిల్లలా?

కోవూరు_టు_ఓర్లాండో · ఏప్రిల్ 10, సాయంత్రం 5:20

చిన్ని గారూ, డిస్నీలో స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్‌కి కావాల్సింది 112 సెంటీమీటర్ల ఎత్తు. అది సీటు కడ్డీ సరిగ్గా పట్టడం కోసం కొలిచేది. పిక్కల్లో ఎంత సత్తువుందో ఆ కొలబద్దకి తెలీదు. మడమల విషయం మాత్రం నూటికి నూరు పాళ్ళూ మీ మాటే. తోసేవాళ్ళు ఫోన్ చూడకూడదు, నడిచే దారి మధ్యలో ఠక్కున ఆపకూడదు. నేను మా చుట్టాలకి ముందే క్లాసు పీకుతా.

కనిగిరి_అమ్మ · ఏప్రిల్ 10, రాత్రి 11:26

రాయాలా వద్దా అని రెండు రోజులుగా చూస్తున్నా.

మా బాబుకి తొమ్మిదేళ్ళు. అయిదో ఏట మోకాళ్ళు వాచాయి. పెరిగే వయసు నొప్పులన్నారు, పడ్డాడేమో అన్నారు. చివరికి చెన్నైలో తేలింది, పిల్లల్లో వచ్చే కీళ్ళవాతం. పెద్దోళ్ళకొచ్చేదే వాతం అనుకునేవాళ్ళం మేం కూడా. పొద్దున లేచేసరికి కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. వేణ్ణీళ్ళు పోసి, మెల్లగా ఆడిస్తే పది, పదకొండింటికి వదులవుతాయి. కొన్ని రోజులు మామూలు పిల్లాడిలాగే పరిగెత్తుతాడు. కొన్ని రోజులు బాత్రూంకి నడవలేడు. రేపు ఏ రోజో వాడికీ తెలీదు, నాకూ తెలీదు.

రెండేళ్ళ కిందట ఒక పార్కుకి తీసుకెళ్ళాం, పేరొద్దు. పొద్దున స్ట్రోలర్లో తోసుకుంటూ తిరిగాం. మధ్యాహ్నానికి కాళ్ళు వదులయ్యాయి, దిగి బొమ్మ రైలు కాడికి పరిగెత్తాడు. బెంచీ మీద కూర్చున్నావిడ పక్కావిడతో, మాకు వినపడేట్టే, తెలుగులోనే అనింది: "చూశావా, పరిగెత్తడానికి వచ్చు, నడవడానికి మాత్రం మహారాజుకి పల్లకీ కావాలి." మా వాడు విన్నాడు. సాయంత్రం మళ్ళీ మోకాళ్ళు వాచినా బండెక్కనన్నాడు. ఏడ్చుకుంటా గేటు దాకా నడిచాడు. ఆ రాత్రి జ్వరం.

చిన్ని గారూ, మిమ్మల్ని అనడం లేదు. కానీ ఆ ఫోన్ చూసుకునే ఎనిమిదేళ్ళ వాడెవరో మీకు తెలీదు. నాకూ తెలీదు.

గూడూరు_చిన్ని · ఏప్రిల్ 11, ఉదయం 7:10

అక్కా, ఆ కోణంలో ఆలోచించలేదు. సోమరితనం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. (మడమ నొప్పి మాత్రం నిజం.) బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

కనిగిరి_అమ్మ · ఏప్రిల్ 11, ఉదయం 7:35

మందులు మారాక చాలా నయం చిన్నీ. ఈత నేర్చుకుంటున్నాడు.

కోవూరు_టు_ఓర్లాండో · ఏప్రిల్ 11, ఉదయం 7:50

కనిగిరి అక్కా, ఎప్పుడన్నా ఇటొస్తే ఒకటి గుర్తు పెట్టుకోండి. డిస్నీలో అతిథుల సేవా కార్యాలయంలో పరిస్థితి చెప్తే స్ట్రోలర్‌నే చక్రాల కుర్చీగా లెక్కేసి ఒక ట్యాగ్ కడతారు. అది ఉంటే బండిని బయట వదలక్కర్లా, క్యూలోకి కూడా తీసుకుపోవచ్చు. దిగి పరిగెత్తినా ఎవరూ అడగరు.

ఒంగోలు_పీఈటీ · ఏప్రిల్ 11, ఉదయం 8:45

కనిగిరి చెల్లెమ్మా, నా పోస్టు మీ బాబు లాంటి పిల్లల గురించి కాదు. నొప్పి ఉన్న పిల్లాణ్ణి నడిపించేవాడు వ్యాయామం నేర్పేవాడే కాదు. కానీ ఏ జబ్బూ లేని పిల్లల విషయంలో నా మాట మార్చుకోను. మాగుంట అమ్మ గారి పాప పెంచలకోన ఎక్కిన పిల్ల.

మొలగొలుకులు · ఏప్రిల్ 11, ఉదయం 9:12

సార్, మీరు చెప్పిన 180 నిమిషాలు అయిదేళ్ళ లోపు వాళ్ళకి, రోజువారీ జీవితానికి. డిస్నీలో మధ్యాహ్నానికే ఆ కోటా అయిపోద్ది. ఆ తర్వాత కూర్చుంటే తప్పేముంది? ఏడాదంతా ఆటోలో తిప్పి, సెలవుల్లో మూడు రోజులు ఒళ్ళు హూనమయ్యేదాకా నడిపిస్తే వ్యాయామం అవుద్దా?

ఒంగోలు_పీఈటీ · ఏప్రిల్ 11, ఉదయం 9:20

ఏడాదంతా ఆటోలో తిప్పడం గురించే నా బాధ.

బీటెక్_బద్ధకం · ఏప్రిల్ 11, మధ్యాహ్నం 12:03

బాధితుడి వాంగ్మూలం: ఏడేళ్ళప్పుడు హాంకాంగ్ డిస్నీలో మా నాన్న నన్ను చెల్లి స్ట్రోలర్లో కుక్కాడు. చెల్లి అమ్మ చంకలో. నేను నోరు తెరుచుకుని నిద్ర. ఆ ఫోటో ఇప్పటికీ ప్రతి పుట్టినరోజుకీ ఫ్యామిలీ గ్రూపులో వస్తుంది. తీసుకోండి ఆంటీ, కానీ ఫోటోలు తియ్యొద్దు. పాపని కూడా ఒక మాట అడగండి, ఆమెకీ ఓ అభిప్రాయం ఉంటుంది కదా.

పొదలకూరు_నిమ్మకాయ · ఏప్రిల్ 11, మధ్యాహ్నం 2:30

అమెరికా పోలేని మా బోటోళ్ళ కోసం ఒక మాట. పిల్లోళ్ళని చెన్నై కాడ వండలూరు జూకి తీసకపోతే నడుద్దామనుకోవద్దు. 602 హెక్టార్లు. బ్యాటరీ బండి ఉంటది, పోంగానే టికెట్ తీసుకోండి. చెన్నైలో వండర్లా ఆటల పార్కు 2025 డిసెంబర్లో తెరిచారు గదా, దాంట్లో నీళ్ళ ఆటలకాడ స్ట్రోలర్ దండగ. తడి నేల, బట్టలు మార్చుకోవడం, లాకర్లు, ఆ బండిని కాపలా కాయడానికే ఒక మనిషి కావాలి. ఆడ టికెట్ కూడా వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. మా చిన్నోడు ఎత్తు కొలిచేటప్పుడు మోకాళ్ళు వంచాడు, వాళ్ళ నాన్న నేర్పిచ్చాడు. దొరికిపొయ్యారు ఇద్దరూ.

మాగుంట_అమ్మ · ఏప్రిల్ 12, రాత్రి 9:55

అందరికీ దండాలు. పాపని అడిగా. "నేను పెద్దదాన్ని, ఎక్కను. కానీ నా బొమ్మ ఎక్కుద్ది" అనింది. మా వదినకి చెప్పి వాళ్ళ పక్కింటోళ్ళ దగ్గర వాడిన మడత స్ట్రోలర్ ఒకటి మాట్లాడించా. మోసే బరువు చూసుకున్నాం, కొన్ని 15 కిలోలకే అంట, ఇది 25 దాకా మోస్తుంది. అత్తయ్యకి "సంచులు పెట్టుకోడానికి" అని చెప్పాం. అబద్ధం కాదు, సగం నిజం.

నడక కూడా మొదలైంది సార్. పొద్దున అయిదున్నరకి లేచి స్టేడియం చుట్టూ.

మాగుంట_అమ్మ · జూన్ 19, ఉదయం 11:20

వచ్చేశాం. అడిగినోళ్ళందరికీ ఒకేసారి చెప్తున్నా.

మొదటి రోజు ఒంటిగంట దాకా పాప నడిచింది. పీఈటీ సార్ గెలిచారు. రెండింటికి మబ్బు పట్టి ఉరుములతో వాన దంచింది, అక్కడ ఆ నెలల్లో మధ్యాహ్నాలు అంతేనంట. ఎండకి మనం భయపడం, రోహిణి కార్తె చూసిన మొహాలు. కానీ ఆ ఉక్క వేరు, మన మైపాడు ఉక్కని రెండింతలు చేసినట్టుంది. వాన ఆగేసరికి పాప కళ్ళు మూతలు పడతన్నాయి. ఎక్కను ఎక్కనంటానే బొమ్మని ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. రెండు గంటలు నిద్ర. ఆ రెండు గంటలూ మేం తిరిగాం. సాయంత్రం లేచి మళ్ళీ గెంతులు. రాత్రి బాణసంచా దాకా మెలకువగా ఉంది. మా పక్కన బండిలేని ఒక కుటుంబం ఎనిమిదింటికే పిల్లాడు గోలపెడితే వెళ్ళిపోయారు. మాకన్నా ముందు రాలేదు వాళ్ళు, నేను చూశా.

ఎవరూ ఏమీ అనుకోలేదు. పదేళ్ళ పిల్లలు కూడా కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసిన మనిషే లేడు.

ఇక అత్తయ్య. మొదటి రోజు "నేను తోస్తానివ్వు" అన్నారు. తర్వాత ఇంకెవరికీ ఇవ్వలేదు. పాప దిగి నడుస్తున్నా ఖాళీ బండి తోసుకుంటానే ఉన్నారు. మూడో రోజు మా ఆయన తీసుకోబోతే చెయ్యి మీద ఒకటి వేశారు. ఆమె మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తారు. కర్ర కొనిస్తానంటే రెండేళ్ళుగా ఒప్పుకోలేదు. నేనేం అనలేదు. బండి కింద సంచిలో పులిహోర, నీళ్ళ సీసాలు, ఆమె మాత్రలు. బయటి తిండి రానిస్తారు, గాజు సీసాలు లేకుంటే చాలు.

కోవూరు అన్నా, హ్యాండిల్‌కి నా పోచంపల్లి చీర అంచు ముక్క కట్టా. అయినా ఒకసారి వేరేవాళ్ళ బండి తోసుకొచ్చాం. వాళ్ళది కూడా పోచంపల్లే. హైదరాబాదోళ్ళు.

గూడూరు_చిన్ని · జూన్ 19, మధ్యాహ్నం 12:02

ఎవరి మడమలైనా తొక్కారా అక్కా?

మాగుంట_అమ్మ · జూన్ 19, మధ్యాహ్నం 12:10

రెండు. రెండూ మా ఆయనవే.

వెంకటాచలం_నాన్న · జూన్ 20, ఉదయం 8:14

అక్కా, కొత్తగా చేరా, అంతా చదివా. వచ్చే నెల పిల్లల్తో తిరుపతి జూకి పోతున్నాం, మా వాడికి అయిదేళ్ళు, 17 కిలోలు. ఆ స్ట్రోలర్ ఇండియాకి తెచ్చారా? తెచ్చుంటే రెండు రోజులు ఇస్తారా, వచ్చి తీసుకుపోతా.

మాగుంట_అమ్మ · జూన్ 20, ఉదయం 9:30

తెచ్చాం తమ్ముడూ. కానీ అత్తయ్యనడగాలి. పొద్దున పాలకి దాంతోనే పోతున్నారు.